సిమ్యులేషన్‌లో 14 డీబీ, బోర్డు మీద గందరగోళం

ప్రశ్న

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇదీ.

ఆమెది కమ్యూనికేషన్ ఇంజినీరింగ్‌లో చివరి ఏడాది. ముగ్గురు కలిసి యూనివర్సిటీ ల్యాబ్‌లో 2.45 గిగాహెర్ట్జ్ రిసీవర్ తయారు చేయాలన్నది ప్రాజెక్టు. మొదట్లో టంకం వేయడం, కొలవడం అంతా ఒక సహచరుడే చూసుకున్నాడు. "నీ రాత బాగుంటుంది" అంటూ రిపోర్టులు, స్లైడ్లు ఈమెకు అప్పగించారు. అతను ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిపోవడంతో బెంచ్ ఈమె చేతికొచ్చింది. రిసీవర్‌లో మొదటి మెట్టయిన లో-నాయిస్ ఆంప్లిఫయర్‌ను (బలహీన సిగ్నల్‌ను సొంత నాయిస్ పెద్దగా కలపకుండా పెంచే సర్క్యూట్) తనే డిజైన్ చేసి, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) చేయించి, పార్టులు కూర్చారు. లైబ్రరీలోని ఆదర్శ కెపాసిటర్లు, ఇండక్టర్లతో చేసిన సిమ్యులేషన్‌లో 14 డీబీ గెయిన్ (సిగ్నల్ ఎంత పెరిగిందన్న కొలత, డెసిబెల్స్‌లో) వచ్చింది. బోర్డును నెట్‌వర్క్ ఎనలైజర్‌కు పెట్టి 2 నుంచి 3 గిగాహెర్ట్జ్ వరకు స్వీప్ చేస్తే 5 డీబీ కూడా లేదు. గ్రాఫ్ అక్కడక్కడా ఎగిరిపడుతోంది, ఒకసారి కొలిచినట్టు ఇంకోసారి రావట్లేదు. రెండో బోర్డు చేసినా అంతే. "వేలు దగ్గరికి తీసుకెళ్తే సప్లయ్‌లో కరెంట్ అంకె కూడా మారిపోతోంది. నా చేతిలోనే ఏదో దోషం ఉన్నట్టుంది" అని రాశారు.

ఇంకా పది వారాలే ఉంది. గైడ్ హార్డ్‌వేర్ పక్కన పెట్టి సిమ్యులేషన్ ప్రాజెక్టుగా మార్చుకోమంటున్నారు. సిమ్యులేషన్ గ్రాఫ్‌కే కాస్త నాయిస్ కలిపి 'కొలిచిన ఫలితం' అని పెట్టేయమంటున్నాడు ఒక సీనియర్. మూడో సహచరుడికి ఎలాగోలా పూర్తయితే చాలు. "టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ పని నాకు రాదేమో. ఏం చేయమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

మిమ్మల్ని మీరు తప్పుపట్టుకుంటూ రాసిన వాక్యమే మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చింది. వేలు దగ్గరికి తీసుకెళ్తే కరెంట్ మారుతోందన్నారు. ఇది ఈ పనిలో అందరికీ తెలిసిన లక్షణం. మీ ఆంప్లిఫయర్ ఆసిలేట్ అవుతోంది, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోంది. బోర్డు చూడకుండా నూటికి నూరు పాళ్లు అనకూడదు గానీ, ఎగిరిపడే గ్రాఫు, ఒక్కోసారి ఒక్కోలా వచ్చే గెయిను, వేలికి కదిలే కరెంటు మూడూ కలిపి చూస్తే నాకు వేరే అనుమానం రావడం లేదు.

బయాస్ (పనిచేయడానికి ఇచ్చే డీసీ వోల్టేజ్, కరెంట్) సరిగ్గా ఉన్న ట్రాన్సిస్టర్ తీసుకోవాల్సినంత కరెంటే తీసుకుంటుంది. పక్కన వేలు ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అదే లోపల తనంతట తాను పెద్ద సిగ్నల్ పుట్టించుకుంటూ ఊగుతుంటే, ఆ ఊపుకు సగటు కరెంట్ కూడా జరుగుతుంది. వేలు దగ్గరికి రాగానే అక్కడ ఒకటీ అరా పికోఫారడ్ తోడవుతుంది, ఊపు మారుతుంది, సప్లయ్ మీద అంకె కదులుతుంది. మైకును స్పీకర్ ముందుకు తెస్తే కూత వస్తుంది చూడండి, జరుగుతున్నది అదే. కాకపోతే ఇది మన చెవికి అందని ఫ్రీక్వెన్సీ.

కాబట్టి ఆ 5 డీబీ అంకెను ముందు మర్చిపోండి. నెట్‌వర్క్ ఎనలైజర్ తాను పంపిన సిగ్నల్ ఎంత పెరిగి వచ్చిందో చూస్తుంది. ట్రాన్సిస్టర్ అప్పటికే సొంత గోలతో నిండిపోయి ఉంటే మీరు పంపిన చిన్న సిగ్నల్‌ను పట్టించుకునే స్థితిలో ఉండదు. అలాంటప్పుడు తెర మీద కనిపించేదాన్ని గెయిన్ అనడానికే లేదు. పైగా మీరు వెతికింది 2, 3 గిగాహెర్ట్జ్ మధ్య మాత్రమే. ఆసిలేషన్ అక్కడే ఉండాలని ఎక్కడుంది? ఇలాంటి ట్రాన్సిస్టర్లకు కింది ఫ్రీక్వెన్సీల్లో గెయిన్ ఇంకా ఎక్కువ. 2.45 దగ్గర 14 డీబీ ఇచ్చేది కొన్ని వందల మెగాహెర్ట్జ్ దగ్గర 20 డీబీ దాటగలదు. మీరు మ్యాచింగ్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లను ట్రాన్సిస్టర్‌తో కుదర్చడం) అంతా శ్రద్ధగా చేసింది 2.45 కోసం. 300 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ట్రాన్సిస్టర్‌కు ఎలాంటి లోడ్ కనిపిస్తోందో మీరు ఆలోచించి ఉండరు. మొదటి బోర్డు చేసేవాళ్లు ఎవరూ ఆలోచించరు.

ముందుగా చేయాల్సింది ఒక్క పరీక్ష. బోర్డును నెట్‌వర్క్ ఎనలైజర్ నుంచి తీసేయండి. ఇన్‌పుట్‌కు 50 ఓమ్‌ల టెర్మినేషన్ బిగించండి. అవుట్‌పుట్‌ను డీసీ బ్లాక్, 20 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) మీదుగా స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) ఇవ్వండి. అటెన్యుయేటర్ లేకుండా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఆ ఎనలైజర్ ఇన్‌పుట్ పోతే ల్యాబ్ మొత్తానికి ఇబ్బంది. ఇప్పుడు అడుగున కొన్ని మెగాహెర్ట్జ్ నుంచి ఆ పరికరం పైన ఎంతవరకు వెళ్తే అంతవరకు స్పాన్ పెట్టి, సప్లయ్ వోల్టేజ్ మెల్లగా పెంచండి. మీరు లోపలికి ఏమీ పంపడం లేదు. అయినా తెర మీద నిటారుగా ఒక గీత లేస్తే, మీ సమస్య అదే. సప్లయ్ ఆపితే ఆ గీత కూడా పోవాలి. పోకపోతే అది బయటి నుంచి దూరిన సిగ్నల్. 2.4 దగ్గర ఎవరి వైఫైయో అయి ఉండొచ్చు. గీత ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో రాసుకోండి. ఎందుకంటే దోషి ఎవరో చాలావరకు ఆ అంకెలోనే తెలిసిపోతుంది. పదులు, వందల మెగాహెర్ట్జ్‌లో ఉంటే బయాస్ లైను, సప్లయ్ డీకప్లింగ్ (సప్లయ్ దగ్గర పెట్టే కెపాసిటర్లు) వైపు చూడండి. అనేక గిగాహెర్ట్జ్ పైన ఉంటే ట్రాన్సిస్టర్ కాలిని గ్రౌండ్‌కు కలిపే వయాల మీద అనుమానం పెట్టుకోండి.

వయా అంటే బోర్డుకు అటూ ఇటూ కలిపే చిన్న రాగి గొట్టమే కదా, అందులో ఏముంటుంది అనిపిస్తుంది. 1.6 మిల్లీమీటర్ల మందం బోర్డులో ఒక్క వయా ఇంచుమించు 1 నానోహెన్రీ ఇండక్టర్. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర అది 15 ఓమ్‌లు. మీ స్కీమాటిక్‌లో గ్రౌండ్ గుర్తు పెట్టిన చోట నిజానికి 15 ఓమ్‌ల ఇండక్టివ్ రియాక్టెన్స్ కూర్చుని ఉందన్నమాట. అలాగే సప్లయ్ దగ్గర పెట్టిన 100 నానోఫారడ్ కెపాసిటర్ కొన్ని పదుల మెగాహెర్ట్జ్ దాటాక కెపాసిటర్‌లా కాక ఇండక్టర్‌లా ప్రవర్తిస్తుంది. ఎఫ్ఆర్4 (మామూలు గ్లాస్-ఎపాక్సీ) బోర్డు డైఎలక్ట్రిక్ విలువ (బోర్డులో సిగ్నల్ ఎంత నెమ్మదిస్తుందో నిర్ణయించే అంకె) మీరు 4.4 అనుకుంటే, చేతికొచ్చిన షీటు 4.2 కావచ్చు. ఆ ఒక్క తేడాకే 2.45 కోసం గీసిన లైన్ 2.5 పైకి జరిగిపోతుంది. సిమ్యులేటర్ అబద్ధం చెప్పలేదు. మీరు చెప్పని విషయాలు దానికి తెలియవు, అంతే.

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మీరు ఇన్నాళ్లూ బోర్డును సిమ్యులేషన్ దగ్గరికి లాక్కురావాలని చూస్తున్నారు. దాన్ని తిరగేయండి, సిమ్యులేషన్‌ను బోర్డు దగ్గరికి తీసుకెళ్లండి. స్కీమాటిక్‌లో గ్రౌండ్ ఉన్న ప్రతిచోటా 1 నానోహెన్రీ పెట్టండి. ఆదర్శ కెపాసిటర్లు తీసేసి తయారీదారులిచ్చే ఎస్-పారామీటర్ ఫైళ్లు (పార్టు అసలు ఎలా ప్రవర్తిస్తుందో కొలిచిన అంకెలు) వాడండి. బయాస్ లైను పొడవు, సప్లయ్ వైర్లు కూడా గీయండి. తర్వాత స్టెబిలిటీ, అంటే ఆసిలేట్ కాకుండా నిలబడే గుణం, చూడండి. ఎస్-పారామీటర్ల నుంచి లెక్కగట్టే కె ఫ్యాక్టర్ 1 కన్నా ఎక్కువ, డెల్టా విలువ 1 కన్నా తక్కువ ఉండాలని క్లాసులో చెప్పే ఉంటారు. ఆ షరతును 2.45 దగ్గర ఒక్కచోట చూస్తే చాలదు. ట్రాన్సిస్టర్‌కు గెయిన్ ఉన్నంత మేరా, కింది నుంచి పైదాకా చూడాలి. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో గీత లేచిన చోటే ఇక్కడ కె 1 కిందికి జారిందనుకోండి, మీ బోర్డు ఎందుకలా చేస్తోందో మీకు తెలిసినట్టే. ఆ క్షణం నుంచి అది పని చేయని బోర్డు కాదు, కారణం దొరికిన బోర్డు. ప్రాజెక్టు రిపోర్టులో ఒక అధ్యాయానికి సరిపడా సరుకు అందులోనే ఉంది.

మందు కూడా సిమ్యులేటర్‌లోనే ముందు వేసి చూడొచ్చు. గీత కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటే బయాస్ లైన్‌లో చిన్న రెసిస్టర్, దాని వెనక పెద్ద కెపాసిటర్ పెట్టి అక్కడ శక్తి హరించుకుపోయేలా చేస్తారు. అవుట్‌పుట్ వైపు 10 ఓమ్‌ల ప్రాంతంలో సిరీస్ రెసిస్టర్ పెడితే కొంచెం గెయిన్ పోతుంది గానీ స్థిరత్వం వస్తుంది. అదే రెసిస్టర్‌ను ఇన్‌పుట్‌లో పెడితే మాత్రం దాని నాయిస్ మొత్తం గెయిన్‌తో పాటు పెరిగి వస్తుంది, లో-నాయిస్ అన్న పేరుకు అర్థం ఉండదు. వయాలే కారణమైతే ట్రాన్సిస్టర్ కాలి పక్కనే మరో రెండు మూడు రంధ్రాలు వేసి సన్నటి రాగి తీగతో రెండు వైపులా టంకం పెట్టండి. ఇండక్టెన్స్ అక్కడికక్కడే తగ్గుతుంది. వీటిలో దేనికీ కొత్త పీసీబీ అక్కర్లేదు. పది వారాల గడువులో ఇది చిన్న విషయం కాదు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. తెలిసిన మాటే అయినా మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే భయంలో ఉన్నవాళ్లు మూడు మార్పులు ఒకేసారి చేసి, దేనివల్ల బాగైందో తెలియక మళ్లీ మొదటికొస్తారు.

మీ చేతిలో దోషం ఉందన్న మాట దగ్గరికి వస్తాను. 1912లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొలంబియా యూనివర్సిటీలో విద్యార్థిగా ఉండగానే, వాక్యూమ్ ట్యూబ్ అవుట్‌పుట్‌లో కొంత తిరిగి ఇన్‌పుట్‌కు ఇచ్చి చూశాడు. సిగ్నల్ ఎన్నో రెట్లు పెరిగింది. ఇంకాస్త పెంచితే ట్యూబ్ తనంతట తానే రేడియో తరంగాలు పుట్టించడం మొదలుపెట్టింది. రిసీవర్‌ను పాడుచేసే ఆ కూతే ట్రాన్స్‌మిటర్‌కు పనికొస్తుందని అతను గుర్తించాడు. ఆంప్లిఫయర్‌కూ ఆసిలేటర్‌కూ మధ్య ఉన్నది ఫీడ్‌బ్యాక్ ఎంత, ఏ ఫేజ్‌లో అన్న తేడానే. మీ బోర్డు ఆ హద్దుకు అవతల పడింది. మీ వేళ్లు చక్కగా టంకం వేసినా పడేది.

అయితే చేతికి అలవాటు కావాల్సిన పని కూడా ఒకటుంది, దాన్ని దాటవేయొద్దు. ఇన్నాళ్లూ కొలతలు వేరొకరు చూసుకున్నారు కాబట్టి, నెట్‌వర్క్ ఎనలైజర్ మీద మీకు మీకే నమ్మకం కుదిరి ఉండదు. దానికి ఒక చిన్న బోర్డు చేసుకోండి. అదే ఎఫ్ఆర్4 మీద 3 మిల్లీమీటర్ల వెడల్పు రాగి గీత ఒకటి, రెండు కొసల్లో ఎస్ఎంఏ కనెక్టర్లు, గీత మధ్యలో పక్కకు చాచిన 17 మిల్లీమీటర్ల కొమ్మ. ట్రాన్సిస్టర్ లేదు, సప్లయ్ లేదు, ఆసిలేట్ కావడానికి ఏమీ లేదు. షార్ట్, ఓపెన్, లోడ్, త్రూ అనే నాలుగు ప్రామాణిక ముక్కలూ పెట్టి ఎనలైజర్‌ను కేలిబ్రేట్ చేయండి. త్రూ మళ్లీ కలిపి చూస్తే ఎస్21 (ఒక కొస నుంచి రెండో కొసకు ఎంత సిగ్నల్ చేరిందన్న కొలత) సున్నా డీబీ దగ్గర బల్లపరుపుగా ఉండాలి. కేబుల్ కాస్త వంచి చూడండి, ఫేజ్ ఎంత కదులుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత చిన్న బోర్డు పెడితే ఆ కొమ్మ పావు తరంగం అయిన చోట లోతైన గుంట పడుతుంది. అది 2.45 దగ్గర కాక కాస్త కిందో పైనో పడితే, మీ చేతిలో ఉన్న షీటు అసలు డైఎలక్ట్రిక్ విలువ ఎంతో ఆ గుంట నుంచే లెక్కగట్టొచ్చు. కొమ్మ కొసన ఫీల్డు కాస్త బయటికి పొంగుతుంది కాబట్టి కొలతకన్నా అర మిల్లీమీటరుకు పైగానే పొడవున్నట్టు లెక్కలోకి తీసుకోండి. ఎస్ఎంఏ బిగించేటప్పుడు నట్ మాత్రమే తిప్పండి, కేబుల్ తిరగకూడదు. మధ్య పిన్ను అరిగిపోతే ఆ కేబుల్‌తో తీసిన కొలత దేన్నీ నమ్మలేం.

ఇక మీ ముందున్న దారులు.

సీనియర్ చెప్పిన దారి గురించి మెత్తగా మాట్లాడలేను. కొలవనిదాన్ని కొలిచానని రాయడం కల్పన. పట్టుబడితే డిగ్రీకే ఎసరు. ఎవరూ అడగరన్న మాట కూడా నిజం కాదు. బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే శాస్త్రవేత్త బండారం 2002లో బయటపడింది. వేర్వేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫుల్లో నాయిస్ అచ్చు ఒకేలా ఉండటాన్ని తోటి శాస్త్రవేత్తలు గమనించారు. విచారణ జరిగింది, ఉద్యోగం పోయింది. మీ విషయంలో అంత దూరం కూడా అక్కర్లేదు. వైవాలో ఎవరో "ఎనలైజర్ నుంచి దింపిన అసలు ఫైల్ చూపించండి" అంటే చాలు. అదీ జరగలేదనుకోండి. వచ్చే ఏడాది మీ జూనియర్ ఎవరో మీ రిపోర్టు నమ్మి అదే లేఅవుట్‌తో బోర్డు చేస్తారు. అది కూస్తుంది. తప్పు తన చేతిదే అనుకుని, ఇప్పుడు మీరున్న స్థితిలో ఉంటారు. మీ సీనియర్ చెడ్డవాడని అనను, గడువు దగ్గరపడితే ఇలాంటి సలహాలు ప్రేమతో కూడా వస్తాయి. వద్దని చెప్పండి, వాదించాల్సిన పని లేదు.

గైడ్ చెప్పింది వేరు. సిమ్యులేషన్ ప్రాజెక్టు నిజాయితీ గల ప్రాజెక్టే, దాన్ని ఓటమిగా చూడొద్దు. ఈ రంగంలో ఎంతోమంది ఇంజినీర్లు రోజులో ఎక్కువ భాగం సిమ్యులేటర్ ముందే గడుపుతారు. చిప్ ఒకసారి తయారీకి వెళ్లాక మార్చుకోవడం కష్టం కాబట్టి. ఆ దారి తీసుకుంటే గడువులో పూర్తవుతుంది, నిద్ర పడుతుంది. పోగొట్టుకునేది బెంచ్. ఇలాంటి పరికరాలు చేతికందడం అందరికీ కుదరదు. యూనివర్సిటీ దాటాక అలాంటి బెంచ్ ముందు కూర్చునే అవకాశం మీకు మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మీరు ఈ చదువులోకి వచ్చింది చేత్తో చేయాలనా, కాదా అన్నది మీరే చెప్పాలి. ఉత్తరంలో టంకం గురించి రాసినచోట మీ మాట మారింది, ఉత్సాహం కనిపించింది. నేను చదివింది అది.

మూడోది, ఫ్రీక్వెన్సీ తగ్గించుకోవడం. 433 మెగాహెర్ట్జ్‌కు దిగితే అదే వయా 15 ఓమ్‌లకు బదులు 3 ఓమ్‌లు కూడా ఉండదు. ట్రాన్సిస్టర్ ఆసిలేట్ అయ్యే ప్రమాదం అక్కడా ఉంటుంది, పైగా గెయిన్ ఎక్కువ కాబట్టి స్టెబిలిటీ మీద ఇంకా కన్నేయాలి. కానీ లేఅవుట్‌లో చిన్న తప్పులను అది క్షమిస్తుంది. నేర్చుకునేది ఏమీ తగ్గదు. అయితే కొత్త పీసీబీ కావాలి, మళ్లీ మొదటి నుంచి డిజైన్ చేయాలి, ప్రాజెక్టు పేరు మార్చడానికి గైడ్ ఒప్పుకోవాలి. పది వారాల్లో అది బిగుతుగా ఉంటుంది.

నా మొగ్గు దాచుకోను. రెండు వారాలు పాత బోర్డుకే ఇవ్వండి. గైడ్ దగ్గరికి వెళ్లి "హార్డ్‌వేర్ వదలను" అనొద్దు. "సర్, ఆసిలేషన్ అని అనుమానం. రెండు వారాలు ఇవ్వండి, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎందుకు అన్నది తేల్చి చూపిస్తాను. తేలకపోతే మీరు చెప్పినట్టు సిమ్యులేషన్‌కు మారిపోతాను" అనండి. గడువు మీరే పెట్టుకుని వెళ్లినవాళ్లకు గైడ్లు సాధారణంగా అడ్డు చెప్పరు. తేలితే ఆంప్లిఫయర్ బాగవుతుంది. తేలినా బాగు కాకపోతే, సిమ్యులేషన్ ప్రధానంగా, మీ కొలతలు ఒక అధ్యాయంగా పెట్టొచ్చు. ఎందుకు తేడా వచ్చిందో అంకెలతో చూపించిన అధ్యాయాన్ని ఏ పరీక్షకుడూ తక్కువగా చూడడు. రిసీవర్‌లో మిగతా మెట్లను అవసరమైతే రెడీమేడ్ మాడ్యూళ్లతో నింపండి, అన్నీ మీరే కట్టాలన్న పట్టుదల ఈ గడువులో వద్దు.

మూడో సహచరుడితో ముందే మాట్లాడండి. ఈ రెండు వారాలు సిమ్యులేటర్‌లో వయాలు, కెపాసిటర్ ఫైళ్లు చేర్చే పని అతనికి ఇవ్వండి, మీరు బెంచ్ మీద ఉండండి. "నీ రాత బాగుంటుంది, రిపోర్టు నువ్వే చూడు" అని మళ్లీ ఎవరైనా అంటే, చెరి సగం అని నవ్వుతూనే గట్టిగా చెప్పండి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన అతన్ని ఫోన్‌లో అడగడానికీ మొహమాటపడొద్దు. అయితే ఎలా కొలవాలో అడగండి, తనొచ్చి కొలిచిపెట్టమని మాత్రం వద్దు. ల్యాబ్‌లో ఎవరైనా సాయానికి వస్తే వాళ్లను పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి, పరికరం మీద చెయ్యి మీదే ఉండాలి.

ఆ రాసే అలవాటును బెంచ్ మీదికి కూడా తెచ్చుకోండి. ఏ బోర్డు, ఏ మార్పు, సప్లయ్ ఎంత, కరెంట్ ఎంత, గీత ఎక్కడ, ఫైల్ పేరేంటి అన్నవి తేదీతో సహా రాసి, ప్రతి మార్పుకు ముందు ఫొటో తీసుకోండి. దోషం పట్టుకునే పనిలో ఇది సగం. వేలికి కరెంట్ మారడాన్ని గమనించి రాసింది మీరే కదా.

స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో గీత ఎక్కడ లేచిందో నాకు రాయండి. ఫ్రీక్వెన్సీతో పాటు బయాస్ లైను, ట్రాన్సిస్టర్ చుట్టూ వయాలు కనిపించేలా బోర్డు రెండు వైపులా తీసిన ఫొటోలు కూడా పంపండి. ఏ గీతా లేవకపోతే అదీ రాయండి, అప్పుడు కేలిబ్రేషన్ నుంచి మళ్లీ మొదలుపెడదాం.